దాటిపోయిన బిళ్ళ

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఐదుగురు ఉన్నారు. గిన్నెలు కడిగే మోరి పక్కన స్టవ్ దగ్గర ముత్తమ్మ. గ్యాలరీ వైపు కుర్చీలో మరాఠీ పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్న ఆమె భర్త రాజలింగం. ప్లైవుడ్ గోడకు అవతలి గదిలో వాళ్ళ కొడుకు శైలేష్, అతని స్నేహితుడు అతుల్. ఆ గది గడప మీద, చాయ్ గ్లాసుల పళ్ళెం పట్టుకుని, ముత్తమ్మ చెల్లెలి కూతురు రేణుక.

శైలేష్‌ని అడిగితే ఎనిమిదిమంది అనేవాడు. లోపలి గదిలోని మూడు పాత కంప్యూటర్లు అతని లెక్కలో మనుషులే. నాగ్‌పాడా పాత సామాన్ల బజారు నుంచి మోసుకొచ్చిన వాటిలో పెద్దదానికి ముసలిది అని పేరు కూడా పెట్టాడు. ఆ రోజు ముసలిది మళ్ళీ చచ్చి పడి ఉంది. తెర మీద అక్షరాలు ఉన్నాయి కానీ ఏ మీట నొక్కినా కదలవు.

"సత్తాయీస్ దిన్ మే నౌవీ బార్," అన్నాడు అతుల్ గ్లాసు అందుకుంటూ. ఇరవై ఏడు రోజుల్లో ఇది తొమ్మిదోసారి.

ముసలిది నడిచేది కందీల్ మీద. యూనిక్స్ జాతి ఆపరేటింగ్ సిస్టం అది. ఆఫీసులు పారేసిన యంత్రాలు కూడా మళ్ళీ పనికి రావాలని నాలుగైదు ఊళ్ళలో పాతికమంది జీతం బత్తెం లేకుండా దాన్ని రాస్తుంటారు, ఒకరు రాసింది ఇంకొకరు దిద్దుతుంటారు. పక్క గల్లీలో తెలుగు సంఘం వాళ్ళ చదువుల గదిలో ఆరు యంత్రాలు దాని మీదే నడుస్తున్నాయి. అవి కూడా ఇలాగే ఉన్నట్టుండి బిగుసుకుపోతున్నాయి. ఈ జబ్బు నయమయ్యేదాకా కొత్త కందీల్ బయటికి రాదని, దాని గుండెకాయ లాంటి కెర్నల్‌ను చూసుకునే ప్రాజక్త దాదర్ నుంచి తేల్చి చెప్పింది.

"లాగ్‌ల సాఫ్ రాసి ఉన్నది కద," అన్నాడు శైలేష్, యంత్రం తనంతట తాను రాసుకునే చిట్టాను చూపిస్తూ. "ఆఖరి లైను చూడు. జీరో జీరో, దస్. అర్ధరాత్రి దాటినంక పది నిమిషాలు. పన్నెండింటికి సఫాయి ప్రోగ్రాములు లేస్తయ్. చోర్ వాట్లల్లనే ఉన్నడు."

రేణుక పళ్ళెం కింద పెట్టలేదు. గొంతు సవరించుకుంది. ఆమె మాట్లాడబోతోందని ఎవరికీ తెలియలేదు.

"అది రాత్రి ఆగది అన్నా. పొద్దున ఆగుతది."

"క్యా?"

"నీళ్ళొచ్చే టయానికి. నేను చూసిన."

శైలేష్ తల తిప్పలేదు. "నువ్వు చూసినవ్. మరి మెషిన్ ఝూట్ రాసిందా?"

అతుల్ నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. గ్లాసులో చాయ్ తొణికేంత నవ్వు.

"నీకిచ్చిన తెలుగు మాటలు అయినయా? మొన్నట్నుంచి 'ఫైలు దొరకలేదు' కాడనే ఉన్నవ్," అన్నాడు శైలేష్. కందీల్ తెర మీద చూపే మాటలను తెలుగు చేసే పని ఆమెకు అప్పగించింది అతనే. "పో, అది చూడు."

ఆ గదిది వానలకు ఉబ్బిన తలుపు. నేలకు రాసుకుంటుంది. కాలి వేళ్ళతో అడుగున కాస్త ఎత్తి, పిడి పట్టుకుని లాగితే తప్ప పడదు. శైలేష్ కుర్చీలోంచి లేవకుండానే ఎత్తి, లాగి, ధన్‌మని వేశాడు. ఆ గాలికి, గడప బయట రేణుక చున్నీ అంచు కదిలింది.

"గ్లాసులిచ్చి రాక, అండ్ల నీకేం మాటలే," అంది ముత్తమ్మ స్టవ్ దగ్గర నుంచి. "వాండ్ల డోకా వేరే ఉంటది, మన తలకెక్కదు. ఈ కొత్తిమీర తెంపు, రా."

రేణుక కొత్తిమీర తెంపింది. కాడలు ఒక పక్క, ఆకులు ఒక పక్క. తర్వాత చేతులు తుడుచుకుని తన సంచిలోంచి నోటుబుక్కు తీసింది. ఊళ్ళో బడిలో తెలుగు సారు రోజుకు ఐదు వరుసలు రాయమనేవాడు, ఏం జరిగితే అది. బడి అయిపోయినా ఆమె రాయడం మానలేదు. వాన, కూర, నీళ్ళు ఎన్నింటికి వచ్చాయి, నీళ్ళ వరుసలో తన వంతు బిళ్ళ అంకె ఎంత, ఎవరేమన్నారు. వర్లీలో కట్టే బిల్డింగ్ దగ్గర రేకుల షెడ్డులో ఉండే వాళ్ళ నాయన యాదయ్య ఎప్పుడు ఫోన్ చేశాడు. నెల రోజులుగా వాటి మధ్యలో ఇంకో మాట కూడా చేరింది. ముసలిది ఆగింది.

ఆమె వెనక్కి తిప్పుతూ తొమ్మిది తారీఖులు చూసింది. తొమ్మిదింటి పక్కనా నీళ్ళ వేళ ఉంది. 5.38. 5.41. 5.40. 5.36.

శైలేష్‌కు నీళ్ళ వేళ తెలియదు. అతని కంపెనీ డ్యూటీ మధ్యాహ్నం మూడింటికి మొదలై, వచ్చి ముసలిదాని వైపు చూడకుండానే, అటక లాంటి మాళా మీద పడుకునేసరికి ఏ జామో అవుతుంది. తొమ్మిదింటికి కిందికి దిగి చచ్చిన యంత్రాన్ని చూస్తాడు. అది ఎప్పుడు చచ్చిందో లాగ్‌లో వెతుకుతాడు.

మెషిన్ ఝూట్ రాయదు. రేణుకకు కూడా అది తెలుసు. అయితే పోయిన వారం ఆమె తెలుగు చేసిన ఒక సహాయం పేజీలో ఇలా ఉంది: యంత్రం తన లోపల ప్రపంచ కాలాన్ని ఉంచుకుంటుంది. మన దేశపు కాలం దానికంటే అయిదున్నర గంటలు ముందుంటుంది. సహాయం పేజీలు ఎవరూ చదవరు. వాటిని తెలుగు చేసేవాళ్ళు తప్ప.

సున్నా గంటల పది నిమిషాలకు అయిదున్నర గంటలు కలిపితే అయిదు నలభై. ఆమె ఆ కూడికను బుక్కులో రెండుసార్లు వేసి చూసింది.

*

సోమవారం అయిదుకే లేచింది. ముసలిదాన్ని నడిపించి, తెర వెలుగులో కాసేపు కూర్చుంది. పొద్దున వేళ ఆ గది ఆమెదే. తలుపు తీసి ఉంటుంది.

తెలుగు చేయడం అనుకున్నంత తేలిక పని కాదని ఆమెకు మొదటి వారంలోనే తెలిసింది. ఏ మాట ఎక్కడ వస్తుందో, ఎందుకు వస్తుందో తెలియకపోతే దానికి తెలుగు కుదరదు. అందుకని ప్రతి మాటకూ అది పుట్టే చోటికి వెళ్ళి, దాని చుట్టూ ఉన్న కోడ్ చదివేది. మొదట్లో ఏమీ అర్థమయ్యేది కాదు. ఎనిమిది నెలల్లో ఎనిమిది వందల మాటలు అలా చదివాక, అది కూడా ఎవరో ఒక మనిషి రాసిన వాక్యమే అని అర్థమైంది. శైలేష్ ఇవేవీ అడగలేదు. అతను తెలుగు మాట్లాడతాడు కానీ చదవడం రాదు. ఇంగ్లీషు బడిలో చదివాడు.

"నీళ్ళొచ్చినయ్," అని కింద నుంచి, నల్లా దగ్గర వంతులు పిలిచే లక్ష్మమ్మ కేక పెట్టింది.

సన్నటి ధారను లాగడానికి, వరుస గదుల ఆ చాలులో ఉండేవాళ్ళు మోటారు వేశారు. ట్యూబ్‌లైటు ఒక్కసారి మసకబారి మళ్ళీ వెలిగింది. ముసలిదాని డిస్కు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు టక్, టక్ అంది. తెర మీద ఒక వరుస వచ్చింది. ఆమె తెలుగు చేసిన వరుసే: గడియారం మూడు అంకెలు వెనకబడింది, సరిచేశాను.

ఈసారి ముసలిది ఆగలేదు. రేణుక హండా నడుముకు ఎత్తుకుని కిందికి దిగింది.

చాలులో నీళ్ళకు నలభై రేకు బిళ్ళలు. వాటిమీద మేకుతో పొడిచిన అంకెలు. గోడకున్న మేకులకు వరుసగా వేలాడుతుంటాయి. వచ్చినవాళ్ళు తర్వాతి బిళ్ళ తీసుకుంటారు, లక్ష్మమ్మ అంకె పిలుస్తుంది, పట్టుకున్నవాళ్ళు బిళ్ళను మళ్ళీ మేకుకు తగిలిస్తారు. నలభై అయ్యాక మళ్ళీ ఒకటి. గోరువెచ్చని వాన పడుతోంది. లక్ష్మమ్మ నెత్తిన ప్లాస్టిక్ సంచి కప్పుకుని, చీర కుచ్చిళ్ళు దోపుకుని నల్లా పక్క నిలబడి ఉంది.

"పన్నెండు. ఏది పన్నెండు? చెవులు మాళా మీద పెట్టొచ్చిండ్రా? పదమూడు పట్టు. పద్నాలుగు. పదిహేను."

పదిహేనో ఆమె సగం పట్టుకున్నాక పన్నెండో బిళ్ళామె మెట్ల మీద నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. "పోరడు ఏడుస్తుండె అక్కా."

"ఏడిస్తే ఏడవనీ. ఆగు. ఈమెది అయినంక నువ్వే. దాటిపోయిన బిళ్ళకు ముందు."

అది లక్ష్మమ్మ అత్త కాలం నుంచి ఉన్న పద్ధతి. పిలిచినప్పుడు లేకపోయావని రేపటిదాకా నిలబెట్టరు. నీ అంకె వచ్చిందా, లేక దాటిపోయిందా. రెండింట్లో ఏదైనా నీకు నీళ్ళు పడతారు.

రేణుక చేతిలో పందొమ్మిదో బిళ్ళ ఉంది. ఆమె దానికేసి చూస్తూ అలాగే నిలబడింది. పద్దెనిమిది వెళ్ళిపోయింది. పందొమ్మిది పిలిచారు.

"ఓ పాలమూరు పిల్లా, నిలబడే నిద్రవోతున్నవా?"

"లేదమ్మమ్మా," అంది రేణుక. "లేచిన."

హండా పైకి తెచ్చి మోరిలో దింపి, చెయ్యి కూడా తుడుచుకోకుండా లోపలి గదికి వెళ్ళింది. గడియారం అంకెలు సరిచేసే చోటు ఆమెకు తెలుసు. దాని పక్కనే నిద్రపోయే ప్రోగ్రాముల వరుస ఉంటుంది. ఒక్కోదాని చేతిలో ఒక అంకె. గడియారం ఆ అంకె పిలిచినప్పుడు లేపాలి. అక్కడ కోడ్ ఒకే ప్రశ్న అడుగుతోంది: ఇప్పుడున్న అంకె, నీ అంకె ఒకటేనా?

మోటారు వేస్తే కరెంటు పడుతుంది. డిస్కు తడబడి, చదివిందే మళ్ళీ చదువుతుంది. ఆ గొడవలో గడియారం చప్పుడు రెండు మూడు సార్లు ఎవరికీ వినపడదు. తర్వాత అంతా ఒకేసారి కలిపేసి, పన్నెండు నుంచి పదిహేనుకు గెంతుతుంది. పదమూడు చేతిలో పట్టుకున్న ప్రోగ్రాము ఒకటేనా, ఒకటేనా అని అడుగుతూనే ఉంటుంది. ఎప్పటికీ కాదు. అది పట్టుకుని ఉన్న, ఒకసారికి ఒక్కదానికే దక్కే తాళం కోసం మిగతావన్నీ నిలబడిపోతాయి. దాటిన అంకె ఎవరి చేతిలోనూ లేని రోజు ముసలిది ఆగదు.

దాటిపోయిన బిళ్ళ సంగతి దీన్ని రాసినవాళ్ళకు తెలియదు. వాళ్ళు ఎప్పుడూ నల్లా దగ్గర నిలబడి ఉండరు.

*

మధ్యాహ్నం శైలేష్ అన్నం తింటుంటే ఆమె కంచం పక్కన బిళ్ళల బదులు అయిదు బఠానీలు పెట్టి చెప్పింది. మోటారు సంగతి, అయిదున్నర గంటల సంగతి, పన్నెండో బిళ్ళ సంగతి. ఒక్కో మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ. అతను మొదట తింటూ విన్నాడు. తర్వాత తినడం ఆపాడు. తర్వాత ఎంగిలి చేత్తోనే ఫోన్ తీశాడు.

"అతుల్యా, సాడే పాచ్ తాస్," అన్నాడు. అయిదున్నర గంటలు. అవతల అతుల్ ఏమన్నాడో, ఇద్దరూ పగలబడి నవ్వారు. మూడు వారాలు ఇద్దరూ లేని దొంగ కోసం లాగ్‌లో అర్ధరాత్రి వరుసలన్నీ గాలించారు.

అతను లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. ఆమె వెనక నిలబడింది. ఆమె చూపించిన వరుసలో 'ఒకటేనా' అన్నచోట 'ఒకటేనా, లేక దాటిందా' అని మార్చాడు. ఒకే ఒక్క గుర్తు మారింది.

"వా. డోకా ఉన్నది నీకు," అన్నాడు.

రేణుక చెవులు వేడెక్కాయి. "ఇంకోటి ఉన్నది అన్నా. నలభై అయినంక మళ్ళ ఒకటి వస్తది కద, అప్పుడు..."

"అరే, డ్యూటీకి టైమ్ అయితుంది. ఇది పంపనీ ముందు."

కాలితో ఎత్తి, చేత్తో లాగాడు. తలుపు పడింది.

మంగళవారం పొద్దున ఆమె కందీల్ ఉత్తరాల పేజీ తెరిచింది. అందరూ పంపిన మార్పులు, వాటిమీద మాటలు అక్కడ ఎవరైనా చదవవచ్చు. పైనుంచి మూడోది శైలేష్ పంపింది. ఇంగ్లీషు ఆమెకు నెమ్మదిగా వస్తుంది. ఒక్కో వరుస మీద వేలు పెట్టి చదివింది. జబ్బు కనిపెట్టినవారు: శైలేష్, అతుల్. మార్పు రాసినవారు: శైలేష్. నీళ్ళ మోటారు కథ అంతా ఉంది, బాగానే రాశాడు. కింద ఇంకో వరుస. ఇన్ని రోజులు మాకు చాయ్ అందించినందుకు రేణుకకు కృతజ్ఞతలు.

దాని కింద ఎవరో నవ్వు బొమ్మ పెట్టారు.

ఆమె చాలాసేపు ఆ పసుపుపచ్చని బొమ్మను చూసింది. తర్వాత లేచి వెళ్ళి, ఆరేసిన బట్టలు వాన జల్లు తగలకుండా గ్యాలరీ తీగ మీద లోపలికి జరిపింది. ఒక్కొక్కటే. శైలేష్ షర్టు వచ్చినప్పుడు చెయ్యి ఆగింది. దాన్ని కూడా జరిపింది.

రెండున్నరకు శైలేష్ బూట్లు తొడుక్కుంటూ అడిగాడు. "చాయ్ ఏది?"

"చెయ్యలే."

ముత్తమ్మ తిరిగి చూసింది. ఆ ఇంట్లో ఆ పిల్ల నోట ఆ మాట రావడం అదే మొదలు.

"అన్నా, నా పేరు చాయ్ కాడ రాసినవ్."

"అరే, రాసిన కద పేరు." అతను లేసు ముడివేస్తూనే ఉన్నాడు. "నిన్నెవరు ఎరుగుతరు అక్కడ? అడిగితే ఇంగ్లీష్‌ల జవాబు చెప్తవా నువ్వు? ఇంట్ల ఎవరి పేరు పెడితే ఏంది. ఒకటే ఇల్లు."

"ఒకటే ఇల్లయితే నా పేరే పెట్టకపోయినవా?"

ఆమె గొంతు పెరగలేదు. మోరి దగ్గర నల్లా చుక్కలు పడుతున్న చప్పుడు అంతకంటే పెద్దగా ఉంది. శైలేష్ ఒక క్షణం చూసి, ముత్తమ్మ వైపు తిరిగి, "దీన్ని సమ్జాయించు," అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"పెద్దోడు. ఇన్ని దినాలు సదువు జెప్పిండు," అంది ముత్తమ్మ. స్టవ్ వైపు తిరిగి, "అయినా చాయ్ అని ఎందుకు రాసిండు?" అని తనలో తను అనుకున్నట్టు అడిగింది.

*

బుధవారం పన్నెండింటికి అతుల్ వచ్చాడు. తడిసిన గొడుగు గ్యాలరీలో విప్పి పెట్టి, "ప్రాజక్త జవాబు చూశావా?" అని మరాఠీలో అడుగుతూనే లోపలికి నడిచాడు. ఈసారి తలుపు వేయడం ఇద్దరిలో ఎవరికీ గుర్తులేదు.

ప్రాజక్త పొగడ్త రెండు మాటల్లో ముగించింది. తర్వాత ప్రశ్న. గడియారం అంకె పెరిగి పెరిగి చివరికి వెళ్ళి, మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. అప్పుడు ఈ 'దాటిందా' అన్న లెక్క తలకిందులు కాదా? ఇంత చక్కగా నీళ్ళ వరుస నుంచి దీన్ని పట్టుకున్నవారు అది కూడా ఆలోచించే ఉంటారు. వివరించండి. సాయంత్రం కొత్త కందీల్‌ను మూటగట్టి బయటికి వదులుతాను.

శైలేష్ గంటసేపు తెరకేసి చూశాడు. కాగితం మీద అంకెలు వేశాడు, కొట్టేశాడు. చివరకు గడపవైపు తిరిగాడు.

"రేణూ. మొన్న ఏదో అంటుంటివి కద. నలభై, ఒకటి... ఏంది అది?"

రేణుక బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టి, సంచిలోంచి నోటుబుక్కు తీసి, పేజీ తెరిచి అతని చేతికిచ్చింది.

"అండ్ల రాసిన. చదువుకో."

అతను చూశాడు. పేజీ నిండా గుండ్రటి అక్షరాలు. అతుల్ భుజం మీదుగా తొంగి చూసి, "జిలేబీ," అన్నాడు. తర్వాత, "అరే, తుఝీచ్ భాషా ఆహే నా?" నీ భాషే కదరా.

"చదివి చెప్పు," అన్నాడు శైలేష్ ఆమెతో.

"చెప్పవోతే తలుపేసినవ్. ఇప్పుడు చెప్పను. చదువుకో."

చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. రాళ్ళతో పాటు బియ్యం కూడా పడేస్తోంది. ఆ బుక్కును ఆమె ఇప్పటిదాకా ఎవరి చేతికీ ఇవ్వలేదు.

శైలేష్ మెడ ఎర్రబడింది. బుక్కు పట్టుకుని విసవిసా గ్యాలరీ వైపు నడిచాడు. "బాబా, ఇది చదువు."

రాజలింగం మునిసిపాలిటీ తెలుగు బడిలో ఏడో తరగతి దాకా చదివాడు. చేతిలోకి తెలుగు వచ్చి ఎన్నేళ్ళయిందో. పేపరు మడిచి, అద్దాలు తుడిచి, బుక్కును దూరంగా పట్టుకుని వేలితో వెతుక్కుంటూ మొదలుపెట్టాడు. బడిలో నిలబడి చదివే పిల్లవాడిలా, గట్టిగా.

"సోమవారం. నీళ్ళు ఐదు ముప్పై తొమ్మిదికి వచ్చినవి. బిళ్ళ పందొమ్మిది. దాటిపోయిన బిళ్ళకు ముందు, అని లక్ష్మమ్మ అన్నది. ముసలిది ఎందుకు ఆగుతదో తెలిసింది." ఆగి కొడుకు వైపు చూశాడు. "ఇదేనా?"

"కింద. నలభై అని ఉంటది, చూడు."

"నలభై అయినంక మళ్ళీ ఒకటి. అప్పుడు కష్టం. లక్ష్మమ్మ ముప్పై తొమ్మిది పిలుస్తుంటే, రెండో బిళ్ళ ఉన్నామె వచ్చి, ముప్పై తొమ్మిది రెండు కంటే పెద్దది, కాబట్టి నాది దాటిపోయింది, ముందు నాకు పట్టు అంటే? అన్న మార్పులో ఆమెకే నీళ్ళు పడతారు. కానీ లక్ష్మమ్మ పట్టదు. నీ వంతు ఇంకా మూడు బిళ్ళల దూరం ఉన్నది, నిలబడు అంటది. ఆమె ఏది పెద్ద అంకె అని చూడదు. ఎంత దూరం అని చూస్తది. ఎవరి వంతూ ఇరవై బిళ్ళల కంటే దూరం ఉండదు. అందుకని రెండింటి మధ్య దూరం తీసి, సగం కంటే తక్కువ ఎటు వైపో చూస్తే చాలు. ముందున్నదా, దాటిపోయిందా తెలిసిపోతది."

అతుల్‌కు తెలుగు సగమే అర్థమవుతుంది. ఆ సగానికే అతను నోరు తెరిచాడు. "వజాబాకీ," అన్నాడు, తీసివేత అని. "ఫరక్ చూడాలి. అంకెలు కాదు. ఫరక్."

రాజలింగం పేజీ తిప్పాడు. పెదవులు కదిలాయి, గొంతు రాలేదు. అద్దాల మీదుగా రేణుకను చూశాడు.

"ఇంక రాసి ఉన్నది. చదువల్నా బిడ్డా?"

ఆమె చేటలోకి చూస్తూ తల ఊపింది.

"మంగళవారం. అన్న నా పేరు తీసేసి, చాయ్ కింద రాసిండు. ఎవరో నవ్విండ్రు. నేను ఈ రోజు చాయ్ చేయలేదు. రేపు కూడా చేయను."

ముత్తమ్మ స్టవ్ మంట తగ్గించింది. కింద గల్లీలో పాత సామాన్ల బండివాడు అరుచుకుంటూ పోయాడు. రాజలింగం బుక్కు మూసి, దాని అట్ట మీద చేత్తో ఒకసారి నిమిరి, కొడుక్కి ఇవ్వలేదు. లేచి వచ్చి రేణుక పక్కన నేల మీద పెట్టాడు.

"అక్షరాలు మంచిగున్నయ్," అన్నాడు.

రేణుక చేట దింపి లేచింది. శైలేష్ పక్క నుంచి లోపలి గదికి నడిచి, ఖాళీగా ఉన్న అతని కుర్చీలో కూర్చుంది.

"అరే, లే," అన్నాడు శైలేష్ గడప దగ్గర నుంచి. "సమజైంది నాకు. నేను రాస్త. నీ పేరు కూడా పెడతలే."

"నువ్వు పంపినదాంట్ల తప్పు ఉన్నది. సరిజేస్తున్న."

"ఏం తప్పు? రన్ అయితుంది కద."

ఆమె ముసలిదాని గడియారం అంకెను సున్నా నుంచి కాకుండా, చివరికి అయిదు నిమిషాల ముందు నుంచి మొదలయ్యేలా మార్చింది. అంటే లక్ష్మమ్మ పొద్దున్నే ముప్పై ఐదో బిళ్ళ నుంచి పిలవడం మొదలుపెట్టినట్టు. నిమిషానికొక వరుస రాసి మళ్ళీ పడుకునే చిన్న ప్రోగ్రాము ఒకటి పెట్టింది. మొదట శైలేష్ మార్పుతో నడిపింది.

అతుల్ ఫోన్‌లో సెకన్లు చూస్తున్నాడు. ఒక నిమిషం, ఒక వరుస. రెండు. మూడు. "చల్తంయ్ కీ," అన్నాడు శైలేష్. నడుస్తోంది కదా. నాలుగు నిమిషాలు దాటగానే ఆ ప్రోగ్రాము నిద్రపోవడం మానేసింది. వంతు రానివాళ్ళంతా నాది దాటిపోయిందని నల్లా మీద పడ్డట్టు, తెర మీద వరుసలు కుమ్మరించుకుంటూ పోయాయి. చూసేందుకు కూడా అందలేదు. ముసలిది రొప్పింది.

"మేలా," అన్నాడు అతుల్. పోయింది.

రేణుక యంత్రాన్ని ఆపి, మూడు వరుసలు కొట్టేసి ఒకటి రాసింది. మళ్ళీ నడిపింది. ఆ అయిదు నిమిషాలు గదిలో పంఖా ఒక్కటే తిరిగింది. నాలుగో వరుస వచ్చింది. ఐదు. అంకె చివరికి వెళ్ళి సున్నాకు వచ్చింది. ఆరో వరుస తన నిమిషానికి తను, తొందర లేకుండా వచ్చి నిలబడింది.

అతుల్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. తన స్టూలు జరిపి, ఆమె మోచేతికి చోటిచ్చాడు.

ఆమె ఉత్తరం మొదలుపెట్టింది. బడి ఇంగ్లీషు. చిన్న చిన్న వాక్యాలు. మా చాలులో నలభై బిళ్ళలు ఉంటాయి, అన్నది మొదటిది.

"గ్రామర్ తప్పులొస్తయ్," అన్నాడు శైలేష్. ఈసారి అతని గొంతులో ఆజ్ఞ లేదు, అడగడం ఉంది. "అందరు చూస్తరు. నేను రాసిస్తా, కింద నీ పేరు. సరే?"

"తప్పులు నావే అన్నా. ఉండనీ."

ఒక్కో మీట వెతుక్కుంటూ రాసింది. మార్పు రాసినవారు అన్నచోట తన పేరు పెట్టింది. ఇంటిపేరు, ఊరి పేరు కూడా. జబ్బు కనిపెట్టినవారు అన్నచోట కొంచెం ఆగి, ఇంకో పేరు రాసింది.

"లక్ష్మమ్మ ఎందుకు?" అన్నాడు శైలేష్. "ఆమెకు మెషిన్ అంటే ఏందో ఎరుకనా?"

"దాటిపోయిన బిళ్ళకు ముందు అన్నది ఆమెనే."

"మరి నేను? ఇరవై ఏడు రోజులు కూసున్న నేను ఇండ్ల."

రేణుక మొదటిసారి కుర్చీ తిప్పి అతని మొహంలోకి చూసింది. ఎగతాళి లేదు, కోపం కూడా లేదు. నిజంగానే అతనికి ఎక్కడ చోటుందా అని ఆలోచిస్తున్నట్టు చూసింది.

"కింద ఒక లైను ఖాళీ ఉన్నది," అంది. "ఏం రాయాల్నో చెప్పు. నువ్వు చేసిందే చెప్పు."

అతుల్ నేలకేసి చూస్తున్నాడు. బయట ముత్తమ్మ గ్లాసులు కడిగి ఒక్కొక్కటే బోర్లిస్తోంది. ఆ చప్పుడు నాలుగుసార్లు వినిపించింది. శైలేష్ బల్ల మీది చార్జర్ లాక్కుని, తీగ చుట్టకుండానే జేబులో కుక్కుకున్నాడు. గడప దాటాడు. వెనక్కి తిరక్కుండానే కాలి వేళ్ళతో తలుపును ఎత్తి, పిడి పట్టి లాగాడు.

ఆమె చున్నీ అంచు కదిలింది. తెర మీద ఆమె పేరు పక్కన చిన్న గీత మినుకుమంటోంది. తలుపు ధన్‌మని పడింది, ఆమె లోపల ఉండగానే.